గ్యాసు వచ్చింది, విద్య రాలేదు

వాతావరణ మార్పుల మీద ప్రపంచ దేశాలు సమావేశమైన ప్రతిసారీ వర్ధమాన దేశాల ప్రతినిధులు ప్రధానంగా రెండు అడుగుతారు: డబ్బు, సాంకేతిక పరిజ్ఞానం. డబ్బుకు ఒక అంకె ఉంటుంది కనుక దాని మీద పత్రికల్లో పెద్ద శీర్షికలు వస్తాయి. సాంకేతిక పరిజ్ఞానం బదిలీ మాత్రం తీర్మానం చివర ఒక పేరాగా మిగిలిపోతుంది. 1992 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం నాలుగో అధికరణంలో, పర్యావరణానికి మేలైన సాంకేతికతలను వర్ధమాన దేశాలకు అందించడానికి, అందుకు ఆర్థిక సాయం చేయడానికి సంపన్న దేశాలు సాధ్యమైన చర్యలన్నీ తీసుకోవాలని రాసి ఉంది. ఆ సాయం ఎంతవరకు అందుతుందో, వర్ధమాన దేశాలు తమ బాధ్యతలను నెరవేర్చడం అంతవరకే సాధ్యమవుతుందని కూడా అదే అధికరణం ఒప్పుకుంది. 2010లో కాన్‌కూన్‌లో దీనికోసం ఒక సంఘాన్నీ, ఒక కేంద్రాన్నీ ఏర్పాటు చేశారు. ఆ కేంద్రం కోపెన్‌హేగన్‌లో ఉంది, దేశాలకు సలహాలు ఇస్తోంది, నివేదికలు వెలువరిస్తోంది. అంతకుమించి మన కర్మాగారాల్లో, మన దుకాణాల్లో దాని జాడ కనిపించిందని నేను అనుకోను.

అందువల్ల సాంకేతికత ఒక దేశం నుంచి మరో దేశానికి నిజంగా ఎలా చేరుతుందో తెలుసుకోవాలంటే ఈ తీర్మానాలను చదివి లాభం లేదు. మాట వెనుక డబ్బు, గడువు, లెక్కలు చూసే యంత్రాంగం మూడూ ఉన్న చోటు ఒకటి ఉంది, అక్కడ చూడాలి. అది ఫ్రిజ్‌లలోనూ ఏసీలలోనూ వాడే గ్యాసుల కథ. సౌర ఫలకాల గురించి, గాలిమరల గురించి చాలామంది రాస్తున్నారు. ఈ గ్యాసుల గురించి తెలుగులో రాసినవారు తక్కువ. కానీ సంపన్న దేశాలు తమ సొంత ఖర్చుతో వర్ధమాన దేశాల పరిశ్రమలను మార్పించిన అతిపెద్ద ప్రయోగం ఇదే. దాని ఫలితాలు మన ఇళ్లలోనే ఉన్నాయి.

ఈ గ్యాసులకు భూతాపంతో ఉన్న సంబంధాన్ని ఒక లెక్కతో చెబుతాను. పాత ఏసీలలో ఉండే ఆర్-22 అనే గ్యాసు నూరేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడు కంటే సుమారు 1,810 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. దాని తరువాత వచ్చిన ఆర్-410ఎ సుమారు 2,088 రెట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీలో ఇంచుమించు కిలో గ్యాసు ఉంటుంది కనుక, ఒక్కసారి అది గాలిలో కలిసిపోతే రెండు టన్నుల కార్బన్ డయాక్సైడు వదిలినట్టే. అదే ఏసీ ఏడాదికి వెయ్యి యూనిట్ల కరెంటు కాలుస్తుందనుకుంటే, మన దేశంలో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున వచ్చేది 700 కిలోలు. అంటే ఒక్క లీకు రెండున్నర, మూడేళ్ల కరెంటు వాడకంతో సమానం. స్టార్ రేటింగు చూసి ఏసీ కొనే మనం గ్యాసు పేరు చూడకుండానే బిల్లు కట్టేస్తున్నాం.

కథ ఓజోన్ పొరతో మొదలైంది. ఆ పొరను దెబ్బతీసే గ్యాసులను మానిపించడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరినప్పుడు భారత్, చైనా అందులో చేరలేదు. ఆ గ్యాసులలో ముఖ్యమైన క్లోరోఫ్లోరోకార్బన్లను కనిపెట్టిందీ, దశాబ్దాల పాటు అమ్మి లాభపడిందీ సంపన్న దేశాల కంపెనీలైతే, ఇప్పుడిప్పుడే ఫ్రిజ్‌లు కొనుక్కుంటున్న దేశాలు ఎందుకు మానాలన్నది మన వాదన. 1990 జూన్‌లో లండన్‌లో జరిగిన సమావేశంలో అప్పటి పర్యావరణ మంత్రి మేనకా గాంధీ ఈ వాదనను గట్టిగా వినిపించారు. ప్రత్యామ్నాయ గ్యాసుల పరిజ్ఞానం ఇస్తామన్న హామీ లేకుండా సంతకం లేదన్నారు. దాని ఫలితంగా ఒప్పందంలో రెండు కొత్త అంశాలు చేరాయి. వర్ధమాన దేశాలకు అయ్యే అదనపు ఖర్చును భరించే బహుపక్ష నిధి ఒకటి. అత్యుత్తమ ప్రత్యామ్నాయాలను న్యాయమైన, అత్యంత అనుకూలమైన షరతుల మీద బదిలీ చేయాలన్న 10ఎ అధికరణం రెండోది. భారత్ 1992లో ఒప్పందంలో చేరింది.

ఆ నిధిని తక్కువ చేసి చూడలేం. దాని కార్యవర్గంలో ఏడుగురు సంపన్న దేశాలవారైతే ఏడుగురు వర్ధమాన దేశాలవారు. ఇప్పటిదాకా సుమారు 400 కోట్ల డాలర్లు ఖర్చు చేసింది. మన దేశంలో క్లోరోఫ్లోరోకార్బన్ల తయారీని ఆపినందుకు ఉత్పత్తిదారులకు 8.2 కోట్ల డాలర్ల పరిహారం మంజూరైంది, 2008లో గడువుకంటే ముందే ఆ ఉత్పత్తి ఆగింది. నురుగు పరుపుల యూనిట్ల నుంచి ఫ్రిజ్ కర్మాగారాల వరకు యంత్రాలు మార్చుకోవడానికి డబ్బు వచ్చింది. వాతావరణ ఒప్పందాల కింద ఇంత క్రమంగా, ఇంత లెక్కగా జరిగిన పని మరొకటి నాకు కనిపించదు. అయినా ఈ విజయం లోపలే వైఫల్యం కూడా ఉంది, నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

ఫ్రిజ్‌లలోనూ కారు ఏసీలలోనూ పాత గ్యాసు స్థానంలో పెద్ద కంపెనీలు ముందుకు తెచ్చింది హెచ్‌ఎఫ్‌సి-134ఎ. హెచ్‌ఎఫ్‌సి అంటే హైడ్రోఫ్లోరోకార్బన్, ఓజోన్ పొరను దెబ్బతీయని గ్యాసుల వర్గం. అణువు కొత్తది కాదు, రసాయన శాస్త్రజ్ఞులకు చిరకాలంగా తెలిసినదే. కొత్తది దాన్ని పారిశ్రామిక స్థాయిలో, చవకగా, శుద్ధంగా తయారుచేసే ప్రక్రియ. ట్రైక్లోరోఇథిలీన్‌ను హైడ్రోజన్ ఫ్లోరైడ్‌తో ఉత్ప్రేరకం మీద చర్య జరిపించాలి. ఆ ఆమ్లం లోహాన్ని తినేస్తుంది, ఉత్ప్రేరకం త్వరగా చచ్చిపోతుంది. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంతసేపు నడపాలో, ఉత్ప్రేరకాన్ని ఎప్పుడు పునరుజ్జీవింపజేయాలో పేటెంటు పత్రంలో పూర్తిగా ఉండదు, నడిపినవాడి దగ్గర ఉంటుంది. ఈ పరిజ్ఞానం కొనడానికి భారతీయ కంపెనీలు బహుళజాతి సంస్థలను అడిగాయి. ఒక సంస్థ 2.5 కోట్ల డాలర్లు చెప్పింది, లేదా ఉమ్మడి కంపెనీ పెట్టి అందులో మెజారిటీ వాటా తమకే ఇవ్వమంది. మనవాళ్ల అంచనా ప్రకారం దాని న్యాయమైన ధర 20 లక్షల నుంచి 80 లక్షల డాలర్ల మధ్య. 10ఎ అధికరణం ప్రభుత్వాలు సంతకం చేసింది. పరిజ్ఞానం ఉన్నది కంపెనీల చేతిలో. కంపెనీలను ఒప్పించే బాధ్యత ఏ ప్రభుత్వమూ తీసుకోలేదు. మేధోసంపత్తి హక్కులు అడ్డంకి కావని, అసలు సమస్య మార్కెట్లు, విధానాలు సరిగా లేకపోవడమేనని ధనిక దేశాల ప్రతినిధులు ఇప్పటికీ వాదిస్తారు. ఈ ఒక్క ఉదాహరణ చాలు, ఆ వాదన అన్ని వేళలా నిలవదని చూపడానికి.

మనవాళ్లు ఊరకే కూర్చోలేదు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అంటే మనందరికీ తెలిసిన ఐఐసిటి, శాస్త్రవేత్తలు 1990లలోనే 134ఎ తయారీకి కావలసిన ఉత్ప్రేరకాల మీద పరిశోధన చేసి పేటెంట్లు తీసుకున్నారు. ఎస్‌ఆర్‌ఎఫ్ కంపెనీ సొంత పరిజ్ఞానంతో ప్రక్రియను అభివృద్ధి చేసి తరువాతి దశాబ్దంలో 134ఎను తయారుచేసింది. మెకానిక్ దుకాణాల్లో ఫ్లోరాన్ అన్న పేరుతో కనిపించే సిలిండర్లు వారివే. దీన్ని గర్వంగా చెప్పుకోవచ్చు, నేనూ చెప్పుకుంటాను. కాకపోతే 134ఎ భూతాపాన్ని కార్బన్ డయాక్సైడు కంటే సుమారు 1,430 రెట్లు పెంచే గ్యాసు. మనం దాని తయారీలో చేయి తిరిగేసరికి దాన్ని కూడా తగ్గించాలన్న చర్చ మొదలైంది, 2016 అక్టోబరులో ర్వాండా రాజధాని కిగాలీలో అది ఒప్పందమైంది. పాఠం పూర్తిగా వచ్చేసరికి సిలబస్ మారిపోయిన విద్యార్థి పరిస్థితి మనది.

ఈ మధ్యలో డబ్బు మాత్రం బాగా వచ్చిన ఒక ఘట్టం ఉంది. ఆర్-22 తయారీలో ఉప ఉత్పత్తిగా హెచ్‌ఎఫ్‌సి-23 అనే గ్యాసు వస్తుంది. దాని తాప ప్రభావం 14,800 రెట్లు. క్యోటో ఒప్పందం కింద దాన్ని కాల్చేసిన కర్మాగారాలకు కార్బన్ క్రెడిట్లు, అంటే తగ్గించిన కాలుష్యానికి బదులుగా అమ్ముకోగల పత్రాలు, ఇచ్చారు, 2005లో గుజరాత్‌లోని ఒక కర్మాగారం ఆ పథకం కింద మొట్టమొదట నమోదైన వాటిలో ఒకటి. కాల్చడానికి అయ్యే ఖర్చుకు క్రెడిట్ల విలువ అనేక రెట్లు కావడంతో, చెత్తను కాల్చడమే అసలు సరుకు అమ్మడం కంటే లాభసాటి అయింది. క్రెడిట్ల కోసమే సరుకు ఎక్కువ తయారుచేస్తున్నారన్న ఆరోపణలు వచ్చాయి. 2013 నుంచి ఐరోపా సమాఖ్య ఆ క్రెడిట్లను తీసుకోవడం మానేసింది. 2016లో మన ప్రభుత్వమే ఆ గ్యాసును సొంత ఖర్చుతో కాల్చాలని ఉత్పత్తిదారులను ఆదేశించింది. ఆ ఏళ్లలో దేశంలోకి వచ్చిన ధనం ఎంతైనా, వచ్చిన కొత్త విద్య ఒక కొలిమి నడపడమే.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగానికి వస్తాను. 1990ల మొదట్లో జర్మనీలో డార్ట్‌మండ్ నగరపు ప్రజారోగ్య సంస్థకు చెందిన ఇద్దరు పరిశోధకులు ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమంతో ఫ్రిజ్ నడుస్తుందని చూపారు. ఇవి మన వంటగ్యాసు సిలిండర్‌లో ఉండేవే. పెద్ద కంపెనీలు ఆసక్తి చూపలేదు. పాత తూర్పు జర్మనీలో మూతపడబోతున్న షార్ఫెన్‌స్టైన్ ఫ్రిజ్ కర్మాగారాన్ని గ్రీన్‌పీస్ అనే పర్యావరణ ఉద్యమ సంస్థ వెతికి పట్టుకుని, నమూనా ఫ్రిజ్‌లు చేయించి, ప్రజల నుంచి ముందుగానే సుమారు 70,000 ఆర్డర్లు సేకరించింది. ఇంట్లో బాంబు పెట్టుకున్నట్టేనని ప్రచారం చేసిన పోటీదారులే కొద్దికాలంలో అదే దారి పట్టారు. ఆ ఫ్రిజ్ పరిజ్ఞానానికి గ్రీన్‌పీస్ పేటెంటు తీసుకోలేదు, ఎవరైనా వాడుకోవచ్చంది. చైనా కర్మాగారాలు దాన్ని తొందరగానే అందిపుచ్చుకున్నాయి. మన దేశంలో స్విట్జర్లాండ్, జర్మనీ ప్రభుత్వాల సాయంతో 1990లలో ఎకోఫ్రిగ్ అన్న కార్యక్రమం నడిచింది, గోద్రెజ్ కంపెనీ ఈ రకం గ్యాసులతో, అంటే హైడ్రోకార్బన్లతో నడిచే ఫ్రిజ్‌ల తయారీకి మారింది.

ఇప్పుడు మీ ఫ్రిజ్ వెనక ఉన్న చీటీ చూడండి. ఇటీవలి కాలంలో కొన్నదైతే అందులో ఆర్-600ఎ అని ఉండే అవకాశమే ఎక్కువ. అదే ఐసోబ్యూటేన్. కొన్ని పదుల గ్రాములే ఉంటుంది, దాని తాప ప్రభావం మూడు రెట్లు మాత్రమే. రాయల్టీ అడిగేవాడు లేడు, ఎవరి దగ్గరకూ అనుమతి కోసం వెళ్లనక్కరలేదు, నూనె శుద్ధి కర్మాగారంలో ముడి పదార్థం దొరుకుతుంది. 134ఎ కోసం పదేళ్లకు పైగా తలుపులు తట్టిన దేశంలో, యజమాని లేని గ్యాసు నిశ్శబ్దంగా వంటింట్లోకి వచ్చేసింది.

ఇక్కడితో ఆపితే, పేటెంట్లు తీసేస్తే సాంకేతికత తనంతట తనే ప్రవహిస్తుందన్న అభిప్రాయం కలుగుతుంది. అది సగం నిజమే. పేటెంటు లేకపోయినా, మండే గ్యాసును కర్మాగారంలో నింపడానికి ప్రత్యేకమైన ఛార్జింగు యంత్రాలు, లీకును పసిగట్టే సాధనాలు, గాలి ఆడే ఏర్పాట్లు కావలసి వచ్చాయి. వాటికి నిధి డబ్బు ఉపయోగపడింది. అంతకంటే ముఖ్యంగా, స్విస్, జర్మన్ సాయంతోనే ఆ తరువాత హైడెకార్ అన్న మరో కార్యక్రమం నడిచింది. అది పెద్ద కంపెనీల కోసం కాక, ఊళ్లలో చిన్న దుకాణాలు పెట్టుకున్న ఫ్రిజ్ మెకానిక్‌ల కోసం. పాత రాగి గొట్టాన్ని కాల్చి అతికే అలవాటు మండే గ్యాసు దగ్గర ఎందుకు పనికిరాదో, గొట్టాన్ని ఎలా కోయాలో, వాక్యూమ్ ఎంతసేపు పట్టాలో, గ్యాసును పీడనం చూసి కాక తూకం వేసి ఎందుకు నింపాలో చేతితో చేయించి నేర్పారు. సాంకేతికత బదిలీ అన్న మాటకు నాకు తెలిసినంతలో అత్యంత నిజాయితీ గల అర్థం ఆ శిక్షణ తరగతుల్లో ఉంది.

ఫ్రిజ్‌తో జరిగినది ఏసీతో జరగలేదు. 2012లో గోద్రెజ్ కంపెనీ జర్మనీ సహకారంతో పూణే దగ్గరి తన కర్మాగారంలో ప్రొపేన్, అంటే ఆర్-290, నింపిన ఏసీలు తయారుచేసి అమ్మింది. సాంకేతికంగా అది పనిచేసింది, కరెంటు కూడా ఆదా అయింది. కానీ ఏసీలో గ్యాసు ఫ్రిజ్‌లో కంటే అనేక రెట్లు ఎక్కువ, మూడు నాలుగు వందల గ్రాముల దాకా ఉంటుంది. చిన్న గదిలో అంత ప్రొపేన్ ఉండవచ్చా అన్న ప్రశ్న సమంజసమైనదే. ఎంత గ్యాసు నింపవచ్చో నిర్ణయించే అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం ప్రమాణం చాలాకాలం కఠినంగా ఉండి, 2022లో గానీ సడలలేదు. ప్రమాణాలు రాసే ఆ సంఘాల్లో కూర్చునేది ఎక్కువగా పెద్ద కంపెనీల ఇంజనీర్లే. మన దేశం తరఫున అక్కడికి ఎవరు వెళ్తారో, ఏం మాట్లాడతారో పార్లమెంటులోనూ ఎవరూ అడగరు, పత్రికల్లోనూ ఎవరూ రాయరు. పేటెంటు ఆపలేని దారిని ప్రమాణం ఆపగలదు. ఈ విషయాన్ని పేటెంట్ల మీద ఉద్యమించే మిత్రులు గమనించాలని నా మనవి.

ఆ ఖాళీలోకి వచ్చింది ఆర్-32. దీని తాప ప్రభావం 675 రెట్లు, 410ఎతో పోలిస్తే మూడో వంతు, ప్రొపేన్‌తో పోలిస్తే రెండు వందల రెట్లకు పైగా. స్వల్పంగా మండుతుంది. జపాన్‌కు చెందిన డైకిన్ కంపెనీ ఈ గ్యాసుతో నడిచే ఏసీల మీద తనకున్న మౌలిక పేటెంట్లను 2011లో వర్ధమాన దేశాలకు, 2015లో ప్రపంచమంతటికీ ఉచితంగా వాడుకోనిచ్చింది. 2019లో ముందస్తు ఒప్పందం కూడా అక్కరలేదని ప్రకటించింది. సాంకేతికత బదిలీకి ఆదర్శంగా దీన్ని చాలాచోట్ల ఉదాహరిస్తారు. ఫలితం వచ్చిన మాట నిజం. ఈ రోజు మన బజారులో అమ్ముడయ్యే కొత్త ఏసీలలో ఎక్కువ భాగం ఆర్-32వే, లేకుంటే 410ఎ మీదే ఇంకా చాలాకాలం ఉండేవాళ్లం. అయితే డైకిన్ ఏసీలతోపాటు గ్యాసులు కూడా తయారుచేసే కంపెనీ. తన గ్యాసు ప్రపంచమంతటా ప్రమాణంగా స్థిరపడితే దానికి కలిగే లాభం పేటెంటు రుసుముల కంటే పెద్దది. దానిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, వ్యాపారం అంటే అదే. ఉచితంగా వచ్చిన పేటెంటు మనల్ని ఏ దారిలోకి తీసుకెళ్తుందో చూసుకోవలసిన బాధ్యత మాత్రం తీసుకునేవాడిదే. 675 రెట్ల గ్యాసు మీద దేశమంతా స్థిరపడ్డాక, కిగాలీ ఒప్పందం కింద దాన్నీ తగ్గించవలసిన రోజు వస్తుంది.

తిరుపతి జిల్లాలోని శ్రీసిటీ ఇప్పుడు దక్షిణాదిలో ఏసీల తయారీకి కేంద్రం. డైకిన్ కర్మాగారం 2023లో అక్కడ మొదలైంది, బ్లూస్టార్ వంటి దేశీయ కంపెనీలూ అక్కడ ఉన్నాయి. 2021లో కేంద్రం ప్రకటించిన 6,238 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ఏసీల, ఎల్‌ఈడీ దీపాల విడిభాగాల తయారీని దేశంలోకి రప్పించడానికే. ఎందుకంటే ఏసీకి గుండెకాయ అయిన కంప్రెసర్‌ను మనం చాలావరకు దిగుమతి చేసుకుంటూ వచ్చాం, ప్రధానంగా చైనా నుంచి. హైదరాబాదు బాలానగర్‌లో శ్రీరామ్ రిఫ్రిజిరేషన్ కంపెనీ దశాబ్దాల క్రితమే కంప్రెసర్లు చేసేది, 1997లో దాన్ని అమెరికాకు చెందిన టెకుమ్సే కంపెనీ కొనుక్కుంది. ఆల్విన్ ఫ్రిజ్‌లు చేసిన నగరం కూడా అదే. ఒకప్పుడు మన చేతిలో ఉన్న పని మళ్లీ బయటినుంచి రావలసి రావడం వెనుక ఎన్నో కారణాలుంటాయి, వాటన్నిటికీ విదేశీ కుట్రను చూపడం నాకు ఇష్టం లేదు. దేశంలో పరిశోధన మీద మన కంపెనీలు పెట్టే ఖర్చు ఎప్పుడూ తక్కువే. వచ్చిన సాంకేతికతను విప్పి చూసి, తరువాతి తరం యంత్రాన్ని సొంతంగా రూపొందించుకునే పనిని చైనా కంపెనీలు చేసినంత పట్టుదలగా మనవాళ్లు చేయలేదు.

తరువాతి తరం గ్యాసు కూడా ఇప్పటికే వచ్చింది. కారు ఏసీలలో వాడే హెచ్‌ఎఫ్‌ఓ-1234వైఎఫ్ మీద హనీవెల్, డూపాంట్ కంపెనీలు పేటెంట్ల కోట కట్టుకున్నాయి. ఆ ఇద్దరి సహకారం పోటీని దెబ్బ తీస్తోందా అని ఐరోపా కమిషనే 2011లో విచారణ మొదలుపెట్టింది. హనీవెల్‌కు ఆ గ్యాసును మన దేశంలో నవీన్ ఫ్లోరిన్ కంపెనీ ఒప్పందం మీద తయారుచేసి ఇస్తోంది. ఉద్యోగాలు ఇక్కడ, ఎగుమతి ఆదాయం ఇక్కడ, కానీ ఆ అణువు మీద నిర్ణయాధికారం ఇక్కడ లేదు. 134ఎ నాడు పరిజ్ఞానానికి అందనంత ధర చెప్పిన బహుళజాతి సంస్థలు ఈనాడు తయారీని మనకు అప్పజెప్పడం మెరుగే. బదిలీ అని పిలవడానికి మాత్రం నాకు నోరు రాదు.

ఇక అందరూ మరిచిపోయే చివరి అంచెకు వస్తాను. ఏప్రిల్ వచ్చిందంటే విజయవాడలో గానీ, రామగుండంలో గానీ ఏసీ మెకానిక్ దొరకడు. దొరికినవాడు బైకు మీద సిలిండరు కట్టుకుని వస్తాడు, ఏసీ చల్లబడడం లేదంటే గ్యాసు పోయిందంటాడు, మిగిలిన పాత గ్యాసును వాల్వు తిప్పి గాలిలోకి వదిలేస్తాడు, లీకు ఎక్కడుందో వెతకకుండానే కొత్తది నింపి డబ్బు తీసుకుని వెళ్తాడు. వచ్చే వేసవికి మళ్లీ అదే కథ. మా ఇంటికి వచ్చిన కుర్రాణ్ని, పాత గ్యాసును సిలిండరులోకి పట్టుకునే మిషను లేదా బాబూ అని అడిగితే, ‘ఉంటది సార్, దానికి డబ్బులు ఎవరిస్తారు, కస్టమరు ఇస్తాడా?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, నిజానికి ఆ రోజు అతనికి అదనంగా ఇవ్వాలన్న ఆలోచన నాకూ రాలేదు. అతన్ని నిందించడం తేలిక. పదో తరగతి తరువాత ఒక దుకాణంలో మేస్త్రీ దగ్గర చేరి చూసి నేర్చుకున్నవాడికి, కొన్నేళ్లకోసారి గ్యాసు మారుతుంటే, మారిన గ్యాసు ఎందుకు మారిందో, ఏది మండుతుందో, దేనికి ఏ నూనె పడుతుందో ఎవరు చెప్పారు? ఆర్-22 ఏసీని చూసిన చేతులతోనే ఆర్-32 ఏసీని పట్టుకుంటున్నాడు. మండే గ్యాసు ఉన్న గొట్టం పక్కనే బ్రేజింగు దీపం వెలిగిస్తున్నాడు.

దేశంలో వాడే శీతలీకరణ గ్యాసులో పెద్ద భాగం కొత్త ఏసీలలోకి కాక, ఇలా మరమ్మతులలోకే పోతుంది. అంటే కర్మాగారాన్ని మార్చడానికి ఎన్ని కోట్లు ఇచ్చినా, ఆ మార్పు ఫలితం చివరకు ఈ కుర్రాడి చేతిలో తేలుతుంది. 2019 మార్చిలో కేంద్రం ప్రకటించిన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక ఈ విషయాన్ని గుర్తించింది, 2022-23 నాటికి లక్షమంది సర్వీసు మెకానిక్‌లకు శిక్షణ, ధ్రువపత్రం ఇస్తామంది. లక్ష్యం మంచిదే. కానీ ధ్రువపత్రం ఉన్నవాడికీ లేనివాడికీ బజారులో తేడా లేనప్పుడు, రోజు కూలి వదులుకుని తరగతికి ఎవడు వస్తాడు? ఐరోపాలో ధ్రువపత్రం లేనివాడు ఈ గ్యాసులను ముట్టుకోకూడదు. మన దగ్గర డబ్బిస్తే ఎవరికైనా సిలిండరు దొరుకుతుంది.

నా వాదన ఇది. సాంకేతికత బదిలీ అయిందా లేదా అన్నదాన్ని కర్మాగారానికి ఏ యంత్రం వచ్చిందో, ఎంత నిధి మంజూరైందో చూసి తేల్చకూడదు. తరువాతిసారి మళ్లీ వెళ్లి అడగవలసిన అవసరం తగ్గిందా అని చూడాలి. ఆ కొలతతో చూస్తే 134ఎ కోసం మనం సొంతంగా చేసుకున్న పరిశోధన సగం విజయం, హెచ్‌ఎఫ్‌సి-23 క్రెడిట్లు పూర్తి వైఫల్యం, ఆర్-32 పేటెంట్లు ఉపయోగపడిన బేరం, ఐసోబ్యూటేన్ ఫ్రిజ్ మాత్రమే నిజమైన బదిలీ. అది ఎవరి సొత్తూ కాని పదార్థం మీద ఆధారపడింది, దానితోపాటు మెకానిక్‌కు విద్య కూడా వచ్చింది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. ఇరుకైన అపార్టుమెంట్లలో, వేలాడే అవుట్‌డోర్ యూనిట్ల దగ్గర, శిక్షణ లేని చేతుల్లో ప్రొపేన్ పెట్టమంటే ప్రాణాలతో ఆడుకోవడమేనని కొందరు ఇంజనీర్లు అంటారు. వారి భయం అర్థం లేనిది కాదు. ఒక్క పెద్ద ప్రమాదం జరిగితే పదేళ్ల పని వెనక్కి పోతుంది. కానీ ఈ అభ్యంతరం ప్రొపేన్ కంటే శిక్షణ లేని చేతుల మీదే ఎక్కువ వర్తిస్తుంది, ఆర్-32 కూడా ఆ చేతుల్లోకే వెళ్తోంది. ఇంటింటా మండే గ్యాసు సిలిండర్లను, వాటి రెగ్యులేటర్లను, గొట్టాలను దశాబ్దాలుగా వాడుతున్న దేశం ఇది. డెలివరీ మనిషి నుంచి గృహిణి వరకు జాగ్రత్తలు నేర్పగలిగాం. పెద్ద భవనాల కేంద్రీయ ఏసీలకు ప్రొపేన్ పనికిరాదని ఒప్పుకుంటాను, అక్కడ వేరే దారి వెతకాలి. గదికి పెట్టుకునే చిన్న ఏసీల విషయంలో ఆ వాదన నిలవదు.

కిగాలీ ఒప్పందం ప్రకారం భారత్ 2024, 2025, 2026 సంవత్సరాల వాడకాన్ని ప్రధాన ఆధారంగా తీసుకుని లెక్కగట్టే పరిమితి దగ్గర 2028లో హెచ్‌ఎఫ్‌సిలను స్తంభింపజేయాలి, 2032లో 10 శాతం తగ్గించాలి, 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. మనం 2021లో దీన్ని ఆమోదించాం. నిధి నుంచి మళ్లీ డబ్బు వస్తుంది, మళ్లీ ప్రాజెక్టులు రాస్తారు. ఆ ప్రాజెక్టుల్లో కర్మాగారాల యంత్రాలకు కేటాయించే ప్రతి పద్దు పక్కన, జిల్లా ఐటీఐలలో మండే గ్యాసుల మీద చేతిపని నేర్పే కేంద్రానికీ, పాత గ్యాసును పట్టే మిషన్లను మెకానిక్‌ల సంఘాలకు అద్దెకిచ్చే ఏర్పాటుకూ పద్దు ఉండాలి. ధ్రువపత్రం చూపినవాడికే సిలిండరు అమ్మాలన్న నిబంధన రావాలి, అది శిక్షణ అందుబాటులోకి వచ్చాకే అమలు కావాలి, లేకపోతే లంచాల దుకాణం తెరిచినట్టవుతుంది. ప్రభుత్వ కార్యాలయాలకు, ఆసుపత్రులకు కొనే గది ఏసీల టెండర్లలో తాప ప్రభావం తక్కువ ఉన్న గ్యాసుకు మార్కులు వేయాలి. ఒక్క ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు కలిసి ఆ పని చేసినా శ్రీసిటీ కర్మాగారాలు ఒక లైను మార్చుకోవడానికి సరిపడేంత గిరాకీ పుడుతుంది. ఇవన్నీ చేయడానికి ఏ సంపన్న దేశపు సంతకమూ అవసరం లేదు. అంతర్జాతీయ వేదిక మీద మనం అడగవలసినవి ప్రమాణాలు రాసే సంఘాల్లో సమానమైన గొంతు, 1234వైఎఫ్ వంటి వాటికి న్యాయమైన ధరకు లైసెన్సు. ముప్పై ఏళ్ల క్రితం 134ఎ దగ్గర అడిగి పొందలేకపోయిన ఆ రెండో దాన్ని ఈసారి నిధి ఒప్పందంలోనే, డబ్బుతో ముడిపెట్టి రాయించుకోవాలి.